గంపలు లెక్కలోకి రావు

కంప్యూటరు తప్పు చెయ్యదని నాకు చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒక్కరు కూడా మసకచీకట్లో రోడ్డు పక్కన నిలబడి బస్సు కోసం ఎదురుచూసినవాళ్లు కారు. నేను ఆ బస్సు నడిపినవాణ్ణి. నాకు తెలిసినంత రాస్తున్నాను. రాయడం నాకు ఆలస్యంగా వచ్చింది కాబట్టి అందంగా రాయలేను. అందంగా చెప్పవలసిన విషయం కూడా కాదిది.

ప్రైవేటు బస్సుల కాలంలో క్లీనరుగా చేరి, డ్రైవరునయ్యాను. సర్కారు ఆ రూట్లన్నీ తీసుకున్నప్పుడు బస్సులతోపాటు మమ్మల్ని కూడా తీసుకుంది. అప్పటికి నాకు సంతకం తప్ప ఏమీ రాదు. ఆ సంతకం కూడా బొమ్మ గీసినట్టు గీసేవాణ్ణి. బోర్డు మీద ఏ ఊరు ఉందో పొడుగును బట్టి గుర్తుపట్టేవాణ్ణి. ఏర్పేడు పొట్టిది, శ్రీకాళహస్తి పొడుగుది. ఒకసారి కొత్త కండక్టరు వచ్చి తప్పు బోర్డు తగిలిస్తే, అదే బోర్డుతో తిరుపతి బస్టాండులో బస్సు నిలబెట్టాను. ఎక్కినవాళ్లంతా దిగుతూ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆ సిగ్గుతో డిపోలో బోర్డులు రాసే పెయింటరు పక్కన కూర్చుని, నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అ, ఆ అని మొదలుపెట్టలేదు. ఆయన తిరుపతి బోర్డు రాస్తుంటే 'తి' నేర్చుకున్నాను, చిత్తూరు బోర్డు రాస్తుంటే 'చి' నేర్చుకున్నాను. ఊళ్ల పేర్లు అయిపోయేసరికి చదువు వచ్చేసింది.

అక్షరం వచ్చాక నాకొక భ్రమ కూడా వచ్చింది. రాసి ఉన్నదానికి పక్షపాతం ఉండదనుకున్నాను. మనిషి మొహం చూసి మాట మారుస్తాడు, అక్షరం మార్చదు కదా అని.

ఆ భ్రమకు కారణం మా డిపోనే. ఏ ఊరికి బస్సు వేయాలి, ఏ ఊరికి తీసేయాలి అన్నది ఆ రోజుల్లో మేనేజరు గదిలో అరుపులతో తేలేది. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లకు బస్సు. గొంతు లేనివాడు నాయకుడి దగ్గర్నుంచి చీటీ తెచ్చుకోవాలి. ఒక నాయకుడి మామగారి ఊరికి రోజంతా ఖాళీ బస్సు తిరగడం, ఆస్పత్రికి పోవలసిన ఊరివాళ్లు లారీ టాపు ఎక్కి రావడం నా కళ్లతో చూశాను. అందుకే డిపోలోకి కంప్యూటరు లెక్క వస్తోందని తెలిసినప్పుడు మా డ్రైవర్లలో సంతోషపడినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇప్పుడు మా అక్క గురించి చెప్పాలి.

అక్క ఊరు ఏర్పేడు దాటాక పెద్దరోడ్డు వదిలి లోపలికి పోతే కొండ మొదట్లో ఉంటుంది. సాయంత్రం తిరుపతి నుంచి పోయే ఆఖరి బస్సు రాత్రికి ఆ ఊళ్లోనే ఆగి, తెల్లారకముందే మొదటి బస్సుగా బయలుదేరేది. నైట్ హాల్ట్ అంటారు దాన్ని. దోమలు, బస్సులోనే పడక, అందుకని మిగతా డ్రైవర్లు ఆ డ్యూటీ అంటే తప్పించుకునేవాళ్లు. నాకు అక్క చేతి సంగటి, ఊరిబిండి పచ్చడి దొరికేవి. కావాలని అడిగి వేయించుకునేవాణ్ణి.

బావ పోయి అప్పటికే చాలాకాలం. పిల్లలు లేరు. ఊరి బావిలో అక్కకు కొంత నీటి వంతు, ఆ నీటితో పారే చిన్న మల్లెతోట, గట్టు వెంబడి కనకాంబరాలు. అంతే ఆమె ఆస్తి. "ఈ తోట ఉన్నెన్నాళ్లూ నేను ఎవురి కిందా కూలికి పోను, ఎవురి వాకిట్లోనూ నిలబడను. నీ వాకిట్లో కూడా" అనేది. నా వాకిలి అనేటప్పుడు నా భార్య వైపు చూసేది.

ఆ ఊళ్లో దాదాపు ప్రతి ఇంటికీ ఇంతో అంతో పూలతోట ఉండేది. చామంతి, కనకాంబరం ముందురోజు సాయంత్రం కోసి తడిగోనె కప్పి పెట్టుకోవచ్చు. మల్లెకు అది కుదరదు. మొగ్గగా ఉండగానే కోయాలి, మొగ్గగా ఉండగానే తిరుపతి పూలమండీలో దించాలి. పొద్దెక్కితే మొగ్గా నిలవదు, మండీలో బేరమూ నిలవదు. తిరుపతిలో పూలు ఎన్ని ఉన్నా చాలవు, కానీ వాటి వేళ వాటిదే.

అందుకని ఆ ఊరి ఆడవాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎవరు మొదలుపెట్టారో వాళ్లకే తెలియదు. రోజుకొక ఇంటి ఆడమనిషి వంతు. ఊరి గంపలన్నీ ఆమే తీసుకుపోవాలి. మిగతావాళ్లంతా బస్సు కదిలేదాకా తోటల్లో మొగ్గలు కోసి అందిస్తూ, తర్వాత తోటలకు నీళ్లు కడుతూ ఉండాలి. ఏ గంప ఎవరిదో తెలియడానికి చేతిపిడికి పాతచీర పేలిక కట్టేవాళ్లు. అక్కది పసుపు పేలిక. వంతు మనిషి మండీలో ఒక్కొక్క గంపా విడిగా బేరం చేసి, సాయంత్రం ఎవరి డబ్బు వాళ్లింటికి తెచ్చి ఇవ్వాలి. దేవుడికి పోయే పూలు కాబట్టి అంటు ఉన్నవాళ్ల వంతు పక్కింటికి జరిగేది. ఇంట్లో చావు జరిగినా అంతే. ఒకరిని ఒకరు నమ్మకపోతే ఒక్కరోజు నడవని పద్ధతి అది. నేను చూసినన్నాళ్లూ నడిచింది.

టాపు మీద ఊరంత గంపలు, లోపల సీట్లో ఒక్క ఆడమనిషి. మా మొదటి బస్సు అదే. అరటాకులు కప్పిన గంపల్లోంచి నీళ్లు కారి కిటికీల మీద పడేవి. బస్సంతా మల్లెవాసన. "అన్నా, ఇది బస్సా, పెళ్లికూతురా?" అని కండక్టరు ఎగతాళి చేసేవాడు.

సరే, కంప్యూటరు.

డిపో షెడ్డులో మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి, హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఇంజనీరు చెప్పాడు. సన్నటి మనిషి, వయసు తక్కువ, మర్యాదస్తుడు. మమ్మల్ని కూడా అండీ అన్నాడు. యంత్రం అక్కడ పట్నంలో ఉంటుందట. ఇక్కడ ప్రతి ట్రిప్పులో ఏ స్టాపులో ఎందరు ఎక్కారు, ఎందరు దిగారు అన్నది పంపిస్తే, ఏ బస్సు ఉంచాలో, ఏది తీయాలో, ఏది జరపాలో అది కాగితం మీద కొట్టి పంపుతుందట.

"అది నిర్ణయం తీసుకోదండీ. మీ మేనేజరు గారికి నిర్ణయం తీసుకోవడంలో సాయపడుతుంది, అంతే," అన్నాడు.

నా వెనక కూర్చున్న ముసలి డ్రైవరు గొణిగాడు. "మా మేనేజరుకు ఎవురన్నా సాయం జేస్తే చాలునప్పా, ఎవురైతే ఏమి."

మేనేజరుకు వినపడింది. ఆయనదీ చిత్తూరు పక్కే, మా మాటే. "శ్రీహరికోటలో రాకెట్టునే లెక్కేసి పైకి పంపిస్తా ఉండారు. నీ డొక్కు బస్సుకు లెక్క కట్టలేరా?" అన్నాడు.

"రాకెట్టుకు నడిమద్దెన స్టాపులుండవు గద సార్!" అన్నాడు ముసలి డ్రైవరు.

అందరూ నవ్వారు. ఇంజనీరు కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. ఇంతకాలానికి ఎవరి చీటీతోనూ పనిలేని ఒక న్యాయం వస్తోందని నేను మనసులో సంబరపడుతున్నాను.

మొదటి కాగితం కొన్ని నెలలకు వచ్చింది. రెండంచుల్లోనూ కన్నాలు, మడతలు విప్పితే బల్ల దాటి నేల మీదికి జారేంత పొడుగు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు. నలభై దాటాక కిందామీదా పడి నేర్చుకున్న చదువు ఆ కాగితం ముందు ఎందుకూ పనికిరాలేదు. మేనేజరు నన్ను పిలిచి ఒక గీత మీద వేలు పెట్టాడు.

"ఏమప్పా, మీ అక్కగారూరి బస్సుకు మూడినాది."

"ఎందుకు సార్?"

"తెల్లారి బస్సులో ఆ ఊర్లో ఒక్కరెక్కుతా ఉండారంట. ఒక్కరి కోసరం బస్సును రాత్రంతా ఆడ పండబెట్టాల్నా?"

"ఒక్కరు కాదు సార్. ఊరంతా ఎక్కినట్టే. గంపలు..."

"గంపలు మనుషులాప్పా?"

"వాటికి లగేజీ టిక్కెట్టు కొడతానే ఉండారు గద సార్."

"కొడతారు. ఆ లెక్క వేరే దాంట్లో పోతాది. మిషను తావకు పోయేది సీట్ల లెక్క. టాపు మీద ఏముండాదో దానికి తెలీదు. తెలపాలన్నా మేం పంపే కాయితంలో తావు ల్యా."

ఆయన చెడ్డవాడు కాదు. నేను నిలబడిపోయేసరికి గొంతు తగ్గించి అన్నాడు. "సూడు, వచ్చే నెల ఇంగోసారి లెక్క తీస్తారు. ఆ ఊర్లో తలకాయలు కనపడితే బస్సు ఉంటాది. నేను చెప్పినానని చెప్పొద్దు."

నేను ఆ సాయంత్రమే అక్క వాకిట్లో ఈ మాట చెప్పాను. ఆడవాళ్లంతా చేరారు. ముందు ఎవరికీ అర్థం కాలేదు, బస్సు నిండా గంపలు పోతుంటే ఎవరూ ఎక్కడం లేదనడం ఏమిటని. అర్థమయ్యాక ఒక ముసలమ్మ చేయి ఊపేసింది.

"తలకాయలే గదా వాళ్లకు కావాల్సింది. సూపిస్తాం పా."

"నా కోడలి తలకాయ లెక్కలోకొస్తాదా? లోపలేమీ లేదే!" అంది ఇంకొకావిడ.

"మీ కొడుకును తోడు తీసుకపోతాలే అత్తా, ఇద్దరిదీ కలిపి ఒకటేసుకుంటారు," అంది కోడలు.

నవ్వులు అయ్యాక అసలు చిక్కు బయటపడింది. మొదటి బస్సు వేళకు ఊరంతా తోటల్లో ఉంటుంది. అందరూ బస్సెక్కితే మొగ్గలు కోసేదెవరు, నీళ్లు కట్టేదెవరు? అదే బస్సు తిరుపతికి పోయి ఎనిమిదింటికి మళ్లీ ఊరికి వచ్చేది. అప్పటికి పని తీరుతుంది. కాబట్టి ఆ నెలంతా ఎనిమిది గంటల బస్సు ఎక్కుదామనుకున్నారు. బస్సు అదే కదా, ఎప్పుడు ఎక్కితేనేం? అక్క అలాగే అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. మాకు సలహా చెప్పిన మేనేజరు కూడా అలాగే అనుకున్నాడని తర్వాత తెలిసింది. ఒకే బస్సు, ఒకే డ్రైవరు అయినా యంత్రం ఒక్కొక్క ట్రిప్పునూ విడదీసి చూస్తుందని మాలో ఒక్కరికీ తెలియదు.

ఆ నెల ఆ ఊరివాళ్లు ఎక్కినట్టు నా ఉద్యోగంలో ఏ ఊరివాళ్లూ ఎక్కలేదు. ముసలివాళ్లు ఎక్కారు, చంకబిడ్డలతో తల్లులు ఎక్కారు. పని లేకపోయినా ఏర్పేడు దాకా పోయి, టీ తాగి, వచ్చే బస్సుకు తిరిగొచ్చేవాళ్లు. తిరుపతి ఎప్పుడూ చూడని ఒక తాత నాలుగైదుసార్లు చూసి, "ఇంతేనా?" అన్నాడు. కూలిడబ్బులు టిక్కెట్లకు పోయాయి. బస్సు నిలబెట్టుకుంటున్నామన్న కుశాలతో పోగొట్టుకున్నారు కాబట్టి ఎవరూ ఏడవలేదు.

ఇంజనీరు స్వయంగా ఒకరోజు ఆ ఎనిమిది గంటల బస్సెక్కాడు. జనాన్ని చూసి ఆయన మొహం వెలిగిపోయింది. ఇంజను పక్కన కూర్చుని, లెక్క కాగితం మీద రాసుకుంటూ ఒక్కొక్కరినే అడిగాడు. "ఎందుకు వెళ్తున్నారమ్మా?"

"తాలూకా కచేరీకి సామీ."

"పిలకాయల్ని ఇస్కూల్లో చేర్చాల సామీ."

అక్క వంతు వచ్చింది. నేను అద్దంలో చూస్తున్నాను. పూలని చెబుతుందనుకున్నాను. కొంగు నోటికడ్డం పెట్టుకుని, నీరసంగా, "ఆస్పత్రికి సామీ," అంది.

ఆ తర్వాత వరసగా అందరూ ఆస్పత్రికే.

ఆయన దిగేటప్పుడు నేను చెప్పాను. "సార్, ఈ ఊరికి తెల్లారి బస్సే ప్రాణం సార్. పూలు పోతాయి దాంట్లో." ఆయన విసుక్కోలేదు. ఆగి విన్నాడు. "మంచి విషయం చెప్పారండీ. దీన్ని మళ్లీ మార్చేటప్పుడు లగేజీ కూడా చేర్చాలి," అన్నాడు. ఆ మాట ఆయన మర్చిపోయాడని నేననను. చేర్చే ఉంటాడు, ఎప్పుడో. విన్నదాన్ని ఎప్పటికి లెక్కలోకి ఎక్కిస్తారన్నదే ఆ యంత్రాలతో అసలు గొడవ.

బస్సు దిగాక అక్కను అడిగాను. "పూలని ఎందుకు చెప్పలేదు?"

"నీకు తెలీదురా. పూలంటే ఆ చదువుకున్నోళ్లకు అలుసు. ఆడోళ్ల షోకు అనుకుంటారు. టాపు మీద అన్ని గంపలెందుకని రూలు తీసినా తీస్తారు. ఆస్పత్రంటే ఎవురూ కాదనలేరు." తెలివిగా చేశానన్న ధీమా ఆమె నడకలోనే కనపడింది.

తర్వాతి కాగితం వచ్చింది. మేనేజరు నన్ను చూడగానే చెయ్యెత్తాడు. "మీ అక్కకు చెప్పు, బస్సు నిలిచినాది!" నేను ఊళ్లో బస్సు ఆపకముందే హారను కొట్టుకుంటూ పోయాను. ఆ సాయంత్రం అక్క పాయసం చేసింది.

మర్నాడు డ్యూటీ బోర్డు చూసుకున్నాను. తెలుగులోనే ఉంది, నేను చదవగలిగిన అక్షరాల్లోనే. తెల్లవారుజాము ట్రిప్పు రద్దు. నైట్ హాల్ట్ రద్దు. ఎనిమిది గంటలకు రద్దీ ఎక్కువ కాబట్టి ఎనిమిదిన్నరకు ఇంకొక బస్సు అదనం.

యంత్రం అబద్ధం చెప్పలేదు. దానికి చెప్పినదాన్నే కూడి తీసి మాకు తిరిగిచ్చింది. చీకట్లో ఒక్క మనిషి, పొద్దెక్కాక బస్సు నిండా జనం, వాళ్లకు కావలసింది ఆస్పత్రి. ఎవరు లెక్కగట్టినా అదే వస్తుంది. పాతకాలం మేనేజరైతే ఆ ఊరివాళ్లతో ఒకసారి పోట్లాడి ఉండేవాడు. పోట్లాటలో నిజం ఎక్కడో ఒకచోట బయటికి దూకేది. లెక్కలో దూకడానికి దానికి సందు లేదు.

అక్క వచ్చింది డిపోకు, ఎనిమిది గంటల బస్సులోనే. మేనేజరు కుర్చీ వేయించాడు. కూర్చోలేదు.

"ఏమ్మా, ఒక బస్సు అడిగినారు, రెండిచ్చినాం. ఇంగేం?" అన్నాడాయన.

"మాకు పొద్దెక్కినాక బస్సు ఎందుకు సామీ? తెల్లారి బస్సు మాకియ్యండి. ఈ రెండూ మీరే పెట్టుకోండి."

"మిషను అట్ల చెప్పిందమ్మా."

"మిషను నీకు పై అధికారా?"

"అధికారి యాడ? ఊరికే సలహా ఇస్తాది. చేసేది నేనే."

"అట్లయితే చెయ్యి."

మేనేజరు తలుపు వైపు చూసి, మెల్లగా అన్నాడు. "అమ్మా, దాని మాట ప్రకారం చేస్తే నన్ను ఎవురూ అడగరు. కాదంటే ఎందుకు కాదన్నానో రాసి పైకి పంపాల. వాళ్లు మళ్లా అడుగుతారు, మళ్లా రాయాల. దాని మాట విని చెడితే తప్పు నాది కాదు. దాని మాట కాదని ఒక ట్రిప్పు ఖాళీగా పోయినా తప్పు నాది. నాకు ఇంగ రెండేండ్లుండాది సర్వీసు."

నేను విన్న మాటల్లో అంత నిజమైన మాట ఇంకోటి లేదు. కోపం రావాలి, రాలేదు. కోపం చూపడానికి అక్కడ మనిషి లేడు. మేనేజరు యంత్రాన్ని చూపిస్తాడు, యంత్రం మా టిక్కెట్లను చూపిస్తుంది.

అక్కకు కూడా అదే తట్టింది. "మునుపు తిట్టుకునేదానికైనా నువ్వు ఉన్నావు సామీ. ఇప్పుడు ఎవుర్ని తిట్టాల?"

పక్కగదిలో గుమాస్తాకు ఏదో నేర్పిస్తున్న ఇంజనీరు మాటలు విని బయటికి వచ్చాడు. అక్కను గుర్తుపట్టాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. "ఆస్పత్రికని మీరే చెప్పారు కదమ్మా?"

"చెప్పినాను నాయనా. చదువుకున్నోడివి గదా, నా మొకం సూస్తే రోగిష్టిదాని మాదిరి ఉండాదా? నెలంతా ఊరు ఊరే ఆస్పత్రికి పోతా ఉంటే, ఈ ఊరికి ఏం తెగులొచ్చింది అని ఒక్కమాట అడగాలనిపించలేదా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అడగడానికి ఆయన దగ్గర కాగితంలో తావు లేదని నాకు తెలుసు. అక్కకు తెలియదు. తెలిసినా ఊరుకునే మనిషి కాదు.

"మళ్లీ వచ్చే ఏడాది సమీక్ష ఉంటుందమ్మా. అప్పుడు తప్పకుండా..."

"ఏడాది దాకా విచ్చొద్దని నా మల్లెమొగ్గలకు కూడా నువ్వే చెప్పిపో నాయనా. మనుషులు మిషను మాట వింటా ఉండారు, మొగ్గలు నీ మాట వింటాయేమో."

అంతే. బయటికొచ్చి బస్టాండులో పంపు దగ్గర మొహం కడుక్కుంది. నేను టీ ఇప్పిస్తానంటే వద్దంది.

ఆ తర్వాత జరిగింది వేగంగా జరగలేదు. ముందు కొన్ని వారాలు పెద్దరోడ్డు దాకా గంపలు నెత్తిన పెట్టుకుని నడిచి, అక్కడ దొరికిన లారీనో బస్సునో ఆపుకున్నారు. ఆగితే మండీకి వేళకు చేరేవి. ఆగకపోతే, రోడ్డు పక్కనే ఎండకు మొగ్గలు నోళ్లు తెరిచేవి. పగలంతా అలిసి వచ్చిన వంతు మనిషి సాయంత్రం ఇంటింటికీ తిరిగి, మీ గంప అమ్ముడుపోలేదని చెప్పాలి. నిన్నటిదాకా నమ్మినవాళ్లు, ఈ రోజు పేలిక తిప్పి చూశారు. నా గంప ఎందుకు వాడింది, దాని గంప ఎందుకు వాడలేదు? పక్కింటి మగవాడు సైకిలు కొని, తన గంప తానే కట్టుకుపోవడం మొదలుపెట్టాడు. తర్వాత ఇంకో సైకిలు. సైకిలు తొక్కే మగవాడున్న ఇళ్లు వంతులోంచి జారిపోయాయి. మిగిలింది మా అక్కలాంటివాళ్లు. వాళ్లలో వాళ్లకు గొడవలు. ఒకరోజు వంతు ఎవరిదో తేలక గంపలు రచ్చబండ మీదే ఉండిపోయాయని కండక్టరు చెప్పాడు.

వంతు పోయిందని అక్క నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

ఇంజనీరుకు ఈ వంతు గురించి ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. చెప్పినా దాన్ని ఏ గడిలో పెట్టేవాడు? ఒక ఊరి ఆడవాళ్లు ఇన్నేళ్లు ఒకరి డబ్బు ఒకరు తెచ్చిపెట్టుకున్నారన్నది ఎక్కినవాళ్ల లెక్కా కాదు, దిగినవాళ్ల లెక్కా కాదు. బస్సు తీసేసినవాళ్లు బస్సు మాత్రమే తీశామనుకుంటారు.

మరుసటి ఎండాకాలం నేను అక్క ఇంటికి పోయినప్పుడు మల్లెపొదలు వేళ్లతో సహా వాకిట్లో కుప్పగా పడి ఎండుతున్నాయి.

"పొయ్యిలోకి బాగా మండుతాయిరా," అంది.

"ఇంకొన్నాళ్లు సూడాల్సింది గదక్కా."

"ఏం సూడాల? రోజూ నీళ్లు పోసి, కోసి, పారబోసేదానికా? సూసినన్నాళ్లు సూసినాను." తర్వాత చాలాసేపు పొద వేళ్లకు అంటుకున్న మట్టి దులుపుతూ కూర్చుంది.

ఆ నెలలోనే తిరుపతిలో కూలికి కుదిరింది. పూలంగడిలో దండలు కట్టే పని. ఎవరో పండించిన మల్లెలు, ఎక్కడో తమిళదేశం నుంచి లారీలో వచ్చినవి, రోజంతా కట్టాలి. ఊళ్లో తోటలు తీసేసిన ఇంకొందరు ఆడవాళ్లు కూడా అలాగే కూలికి చేరారు, కొందరు దండలకు, కొందరు కట్టడాలకు. పని తొమ్మిది దాటాక మొదలు. అందరికీ ఎనిమిది గంటల బస్సు సరిగ్గా సరిపోయింది.

ఆ బస్సు నేనే నడిపేవాణ్ణి. అక్క నా వెనక సీట్లో కూర్చునేది. చేతిలో అన్నం క్యారియరు.

సమీక్ష వచ్చింది, చెప్పినట్టే, ఏడాదికి. ఆ కాగితం వచ్చిన రోజు మేనేజరు నన్ను గదిలోకి పిలిచి మిఠాయి పెట్టాడు. "సూసినావా? మీ అక్కగారూరి ఎనిమిది గంటల బస్సు మన డిపోలోనే బాగా నడిచే బస్సంట. అప్పుడు అరిసి గోల జేసినారు గానీ, మిషను చెప్పిందే నిజమైంది గదా!"

నేను మిఠాయి తినలేదు. తినలేదని ఆయన గమనించలేదు. ఆ ఊరికి కూలికి పోవలసిన అవసరం ఎక్కడ్నుంచి వచ్చిందో ఆ కాగితంలో ఏ మూలా ఉండదు. తానే కాలు విరిచి, చూడండి ఈమె కర్ర ఎంత బాగా వాడుతోందో అన్నట్టుంది ఆ లెక్క. ఆ మాట ఆయనతో అనాలనుకున్నాను. అప్పటికి ఆయనకు ఒక్క ఏడాదే సర్వీసు మిగిలి ఉంది. ఊరుకున్నాను.

మర్నాడు బస్సులో అక్కకు చెప్పాను. ముందుకు చూస్తూనే చెప్పాను.

"ఈ బస్సు బాగా నడస్తా ఉండాదని పైనుంచి రాసినారంట."

"మేమెక్కినందుకా?"

"ఊఁ."

వెనక నుంచి అక్క, "ఆపు," అంది.

"ఏందక్కా?"

"బస్సు ఆపమంటా ఉండా. నేనెక్కితే వాళ్ల మిషను నిజమైపోతాదంటే, నేను ఎక్కనే ఎక్కను. పెద్దరోడ్డు దాకా నడిచిపోతా."

"మేయ్, పిచ్చా నీకు? ఒక్క తలకాయ తగ్గితే దానికేం తెలస్తాది?" అంది పక్కన కూర్చున్నావిడ.

"దానికి తెలీకపోతే పోనీ. నాకు తెలస్తాది గదా."

ఆపాను. దిగింది. క్యారియరు చంకన పెట్టుకుని రోడ్డు అంచున నడిచింది. నేను గేరు వేసి ఆమెను దాటి పోయాను, ఇంకేం చేయను?

ఆ ఏడు వానలు మొదలయ్యేదాకా అలాగే నడిచింది. పెద్దరోడ్డు మీద వేరే బస్సెక్కేది. తర్వాత మోకాళ్లు మొరాయించాయి. ఒకరోజు ఉదయం ఊరి స్టాపులో నిలబడి ఉంది, గొడుగు లేకుండా. ఆపాను. మెట్టు ఎక్కడానికి కండక్టరు చెయ్యిచ్చాడు. నా వెనక సీట్లో కూర్చుని, నా వైపు చూడకుండా, తిరుపతికి టిక్కెట్టు కొట్టించుకుంది.